పెద్దమ్మ పెట్టిన పరీక్ష

మా ఎదురు వాటాలోకి రెండు నెలల కిందట ఒక జంట దిగింది. భార్యాభర్తలిద్దరూ ఇంట్లోనే కంప్యూటర్ల ముందు కూర్చుని ఉద్యోగం చేసుకునేవాళ్ళు. ఆరేళ్ళ ఆడపిల్ల, నాలుగేళ్ళ మగపిల్లవాడు. మొన్న ఆదివారం పొద్దున ఆ పిల్లల తల్లి గిన్నెలో పొంగలి పెట్టుకుని వచ్చింది. కాసేపు నా మోకాళ్ళ నొప్పుల గురించి, తిరుపతి ఎండల గురించి మాట్లాడి చివరికి అసలు సంగతికి వచ్చింది. పిల్లల్ని బడికి పంపకుండా ఇంట్లోనే చదివించుకుందామని వాళ్ళు అనుకుంటున్నారట. ముప్పై ఏళ్ళకు పైగా పంతులమ్మగా చేసినదాన్ని కాబట్టి నా అభిప్రాయం కావాలట. నేను గిన్నె కడిగి చేతికిచ్చి, నన్నడగొద్దమ్మా, నాకు తెలీదు అన్నాను. హెచ్చులు పోతున్నాననుకుందేమో, ముఖం చిన్నబుచ్చుకుని వెళ్ళిపోయింది. ఇదే ప్రశ్న తొమ్మిదేళ్ళ కిందట మా చెల్లెలు నన్ను అడిగింది. అప్పుడు నాకు తెలుసనుకున్నాను. తడుముకోకుండా చెప్పాను కూడా.

మా చెల్లెలికీ నాకూ పద్నాలుగేళ్ళు తేడా. చిత్తూరు పక్కన పల్లెలో మాకు కొద్దిగా మెట్ట, రెండు ఆవులు ఉండేవి. అమ్మకు చేన్లోనూ కొట్టంలోనూ పొద్దు సరిపోయేది, కాబట్టి చెల్లెలికి జడ వేసిందీ, అక్షరాలు దిద్దించిందీ, జ్వరమొస్తే పక్కన పడుకున్నదీ నేనే. నాయన నన్ను బడి మాన్పించబోతే మా ఊరి పంతులు వచ్చి అరుగు మీద కూర్చుని, ఒప్పుకునే దాకా లేవలేదు. ఆ పుణ్యాన నేను టీచరునయ్యాను. నేను టీచరునయ్యాను కాబట్టి చెల్లెలు ఎమ్మెస్సీ దాకా చదివింది. దాని పెళ్ళి కూడా నేను చూసి కుదిర్చిందే. మా మరిది గూడూరు రైల్వే ఆఫీసులో గుమస్తా. తిరుపతిలో మేడ మీద రెండు గదుల వాటా తీసుకుని, పొద్దున్నే రైలెక్కి పోయి, దీపాలు పెట్టినాక ఇల్లు చేరేవాడు. నెమ్మదైన మనిషి. ఇంట్లో ఏ మాటొచ్చినా, వదిన ఏమంటుందో కనుక్కో అని చెల్లెలితో అనేవాడు. అప్పట్లో నేను చిత్తూరు దగ్గర ఒక పల్లె బడిలో హెడ్మిస్ట్రెస్‌ను. ఆదివారాలు బస్సెక్కి వాళ్ళింటికి వచ్చేదాన్ని. నా హ్యాండ్‌బ్యాగులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు ఉండేవని మా మరిది నవ్వేవాడు. నేను సెలవు రోజుల్లో కూడా టీచరునే అని ఆయన ఉద్దేశం. ఆ మాట నాకు మెచ్చుకోలుగానే వినిపించేది.

వాళ్ళకు ఇద్దరు పిల్లలు. పెద్దది అప్పటికి ఏడేళ్ళది, రెండో తరగతి. చిన్నోడికి నాలుగు దాటి అయిదు నడుస్తోంది. పెద్దదానికి ప్రశ్నల జబ్బు. వాన నీళ్ళు కొండ మీద నుంచి కిందికే ఎందుకు వస్తాయి, చీమలకు ఆదివారం ఉంటుందా, మనం నిద్రపోయేటప్పుడు మన పేరు యాడుంటాది, ఇట్లాంటివి. అన్నం తినేటప్పుడు మొదలుపెడితే చేతి మీద మెతుకులు ఎండిపోయేవి. అదే పిల్ల రాయమంటే మాత్రం పెన్సిలు పట్టుకుని కిటికీలోంచి కొండను చూస్తూ కూర్చునేది. బడి వాళ్ళు ప్రతి నెలా డైరీలో 'నెమ్మది' అని రాసి పంపేవారు. నెమ్మది మంచి గుణమే కదక్కా అని చెల్లెలు నాతో అంది. బడి భాషలో దాని అర్థం వేరని నేను చెప్పాల్సి వచ్చింది.

ఆ ఏడు దసరా సెలవులకు ముందు ఒక మధ్యాహ్నం పెద్దది బడి మెట్ల మీద పడింది. మూడంతస్తుల బడి అది. పిల్లలు బారులు తీరి దిగుతుంటే వెనక నుంచి తోపులాట జరిగిందట. కుడిచెయ్యి మణికట్టు పైన విరిగింది. బడి వాళ్ళు తడిగుడ్డ చుట్టి ఒక గదిలో కూర్చోబెట్టారు. ఎట్లాగూ బస్సు టైమవుతోంది కదా అని ఇంటికి ఫోను కూడా చెయ్యలేదు. పిల్ల బస్సు దిగుతుంటే చెయ్యి వేలాడటం చూసి మా చెల్లెలు నడిరోడ్డు మీదే కూలబడిందట. ఆ సాయంత్రం ఆస్పత్రిలో ఎక్స్‌రే ఫోటో తీయించారు. మర్నాడు పొద్దున, మా వైపు అందరూ చేసినట్టే, పుత్తూరుకు ఎముకల కట్టుకు తీసుకుపోయాం. నేను కూడా సెలవు పెట్టి వెళ్ళాను.

కట్టు కట్టే చోట వరస పెద్దది. కాళ్ళకు వెదురుబద్దలు కట్టించుకున్నవాళ్ళు, భుజాలు పట్టుకుని కూర్చున్నవాళ్ళు, తమిళం మాట్లాడేవాళ్ళు, పచ్చి ఆకు పసరు వాసన, కోడిగుడ్డు సొన వాసన. కట్టు కట్టే పెద్దాయన పిల్లను ముందు కూర్చోబెట్టుకుని యాడ పడినావు తల్లీ అని అడిగాడు. అది పడిన సంగతి వదిలేసి, ఎముకకు లోపల చీకట్లో అతుక్కోవడం ఎట్లా తెలుస్తుందని ఆయన్నే అడిగింది. ఆయన చేస్తున్న పని ఆపి, నిజంగా ఆలోచించి, "నాకూ తెల్దు పాపా. నేను దాన్ని కదలకుండా పెడతాను, అంతే. మిగతాది అదే సూసుకుంటాది" అన్నాడు. పిల్ల ఆ జవాబుకు ఎంత సంతోషపడిందంటే, ఎముక సరిచేసేటప్పుడు ఒక్క కేక మాత్రమే వేసింది. తిరుగు బస్సులో నా ఒళ్ళో పడుకుని, పెద్దవాళ్ళకు కూడా తెలీనివి ఉంటాయని నాకు చెప్పింది. నేను నవ్వాను.

నెలన్నర ఇంట్లో ఉంచమన్నారు. ఆ నెలన్నరలో మా చెల్లెలు దాన్ని కూర్చోబెట్టుకుని చదివించింది. మా చెల్లెలిది వృక్షశాస్త్రం. పెళ్ళయినాక ఆ చదువు చీరల అడుగున పడిపోయింది. ఇప్పుడు అదంతా పైకొచ్చింది. మేడ మీద డబ్బాల్లో అనపగింజలు, పెసలు పాతిపెట్టి, రోజుకెంత పెరిగిందో నూలు దారంతో కొలిపించేది. ఎడంచేత్తో అంకెలు వేయించేది. చిన్నోడు పక్కనే చేరి అక్క చెప్పిన అంకెను అరిచేవాడు. నేను ఆదివారం వెళ్తే ఇల్లంతా మట్టి, కాయితాలు, ఆకులు. పెద్దది వంటింటి గడపలో బోర్లా పడుకుని పాత దినపత్రిక గడగడా చదువుతోంది. రెండేళ్ళుగా కూడబలుక్కుని చదివిన పిల్ల అది. మా చెల్లెలి ముఖం దాని పెళ్ళికి ముందు ఉన్నట్టుంది. ఆ రోజు భోజనాలయ్యాక చెల్లెలు నన్ను అడిగింది. పిల్లలిద్దర్నీ ఇంక బడికి పంపకుండా తానే చదివించుకుంటానని, పదో తరగతి పరీక్ష ప్రైవేటుగా కట్టించవచ్చని కనుక్కున్నానని, మా మరిది ఎప్పట్లాగే వదిన ఏమంటే అదేనన్నాడని చెప్పింది. "నువ్వు సరే అంటే సాలక్కా. ఇంకెవురేమన్నా నాకు పట్టదు" అంది.

పిచ్చి ఆలోచన అన్నాను. ఆ మాటే అన్నాను. నా కారణాలు నాకున్నాయి, అవి ఇప్పటికీ అబద్ధాలు కావు. నా ఉద్యోగమంతా పిల్లల్ని బడికి లాక్కురావడంతోనే గడిచింది. వేరుశెనక్కాయలు వలవడానికి కూర్చోబెట్టిన పిల్లలు, తమ్ముణ్ణి చంకనేసుకున్న పిల్లలు, మామిడి తోటల్లో కాపలాకు పెట్టిన పిల్లలు. ఎండలో ఇల్లిల్లూ తిరిగి, నా అంతటిదాన్ని అరుగుల మీద కూర్చుని బతిమాలుకుని తెచ్చుకున్నాను వాళ్ళని. అట్లాంటిది చదువుకున్న ఇల్లే కావాలని బడి మానేస్తానంటే నాకు ఒళ్ళు మండింది. పిల్లలు నలుగుర్లో పెరగాలన్నాను. ఇవాళ ఉత్సాహం, రేపు విసుగన్నాను. ఇవన్నీ పైకి చెప్పినవి. చెప్పనిది ఒకటుంది, అది ఒప్పుకోవడానికి నాకు చాలా ఏళ్ళు పట్టింది. బీయీడీ లేని మా చెల్లెలు, నా చేత అక్షరాలు దిద్దించుకున్నది, నెలన్నరలో చేసిన పని నేను ముప్పై ఏళ్ళలో ఎంతమంది పిల్లలకు చేశానో లెక్కపెట్టుకోవడం నాకు ఇష్టం లేకపోయింది.

పై ఆదివారం నేను రెండో తరగతి అర్ధసంవత్సర పరీక్ష పేపరు ఒకటి సంచిలో పెట్టుకుని వెళ్ళాను. పిల్ల ఎంత నేర్చుకుందో చూద్దాం, దాన్ని బట్టి అందరం కలిసి తేల్చుకుందాం అన్నాను. న్యాయంగానే ఉందని మా మరిది తలూపాడు. చెల్లెలు వద్దనలేదు. కట్టు విప్పి అయిదు రోజులైంది, చెయ్యి సన్నబడి పాలిపోయి ఉంది. పిల్లను చాప మీద కూర్చోబెట్టి పేపరిచ్చాను. అది ముందు పేపరంతా పైకి చదివింది, తప్పుల్లేకుండా. తర్వాత నా వైపు చూసి, "పెద్దమ్మా, ఈ ప్రశ్నలు ఎవురు అడగతా ఉండారు?" అంది. పేపరు అడుగుతోంది, రాయి అన్నాను. పేపరుకు జవాబు తెలీకనే అడగతా ఉండాదా అంది. మాట్లాడకుండా రాయమన్నాను. గంటసేపు నేను ఎదురుగా కూర్చున్నాను. అది రెండు ఖాళీలు నింపింది, మూడు కూడికలు చేసింది, ఒక ప్రశ్న కింద మొలక బొమ్మ వేసి పక్కన దారం గీసింది. మిగతా సేపు తన చేతిని చూసుకుంటూ కూర్చుంది. నేను ఎర్ర పెన్ను తీసి దిద్దాను. ఇరవై అయిదుకు ఏడు. ఆ కాయితం తీసుకుపోయి మా మరిది చేతిలో పెట్టాను.

చెల్లెలు కాయితం వైపు చూడలేదు. "అక్కా, నువ్వు పిల్లను సూసినావా, పేపరును సూసినావా?" అంది. గొంతు పెంచలేదు. నేను ముప్పై ఏళ్ళ అనుభవం అని ఏదో మొదలుపెట్టాను. అది వినకుండా లేచి వంటింట్లోకి పోయి పాలు పొయ్యి మీద పెట్టింది. మా మరిది చాలాసేపు కాయితం మడతపెట్టి విప్పి, మళ్ళీ మడతపెట్టి, "సరే వదినా. మీరు సెప్పినాక ఇంకేముండాది" అన్నాడు. పెద్దది గడప దగ్గర నిలబడి ఇదంతా వింటోంది. చిత్తూరు బస్సులో కిటికీ పక్కన కూర్చుని, ఒక ఇల్లు పాడుకాకుండా ఆపానని అనుకున్నానని గుర్తుంది. ఆ రాత్రి హాయిగా నిద్రపోయాను. అదే నన్ను ఎక్కువగా బాధపెడుతుంది.

ఆ బడి మాన్పించి ఇంకో బడిలో చేర్చారు. ఒకే అంతస్తు ఉన్న బడి చూసి చేర్పించాం, అది కూడా నా సలహానే. పిల్ల ఏడవలేదు. మొదటి రోజు బ్యాగు తానే తగిలించుకుని తమ్ముడి చెయ్యి పట్టుకుని పోయింది. రెండు నెలలకు డైరీలో 'నెమ్మది' అన్న మాట పోయింది. దస్తూరి కుదిరింది. యూనిట్ టెస్టుల్లో మార్కులు వస్తున్నాయి. ఫోనులో చెల్లెలు మార్కులు చదివి వినిపించేది, నేను మెచ్చుకునేదాన్ని. ఇంకేమైనా చెప్పబోతుందేమోనని నేను ఎప్పుడూ ఆగి చూడలేదు. ఆదివారాలు వెళ్తే పిల్ల నమస్కారం పెట్టి, కంచంలో వేసింది తిని, తడి చెయ్యి తుడుచుకుని పుస్తకం తీసుకునేది. అన్నాలు తొందరగా అయిపోతున్నాయని గమనించాను. దాని ప్రశ్నలు ఆగిపోయాయి కాబట్టే తొందరగా అవుతున్నాయని నాకు తట్టలేదు. పిల్లకు బుద్ధొచ్చిందని మా మరిదితో అన్నాను.

బడి పనులతో కొన్ని నెలలు పోలేకపోయి, పై ఏడు వినాయక చవితికి వెళ్ళాను. పిల్లకు తలంటి, నుదుట బొట్టు పెట్టబోతూ చూశాను. ఎడం కనుబొమ సగం లేదు. కత్తిరించినట్టు కాదు, అక్కడక్కడా ఒక్కో వెంట్రుక మిగిలి, మధ్యలో చర్మం ఎర్రగా ఉంది. ఏమైందని అడిగితే ఏమీ లేదు పెద్దమ్మా అంది. చెల్లెలు నన్ను పక్క గదిలోకి పిలిచి చెప్పింది. బడిలో రాసుకుంటూ రాసుకుంటూ ఒక్కో వెంట్రుకా పీక్కుంటోందట. వేసవి సెలవుల్లో కనుబొమ తిరిగి వచ్చిందట. బడి తెరిచిన పది రోజులకు మళ్ళీ మొదలైందట. పిల్లల డాక్టరు దగ్గరికి రెండుసార్లు తీసుకుపోయారు. లోపలి భయమని ఆయన చెప్పాడు. క్లాసు టీచరు మాత్రం, ఇంత బుద్ధిమంతురాలు మా క్లాసులో ఇంకొకరు లేరని మురిసిపోయిందట. ఇవన్నీ ఆరేడు నెలలుగా జరుగుతున్నాయి, నాకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదని అడిగే ధైర్యం నాకు లేకపోయింది.

అదే నెలలో మా చెల్లెలు పిల్లలిద్దర్నీ బడి మాన్పించింది. నన్ను అడగలేదు. మూడు వారాల తర్వాత ఫోనులో వేరే మాటల మధ్య చెప్పింది, కొళాయి బాగుచేయించామన్నంత మామూలుగా. ఆ తర్వాత ఏళ్ళు సుఖంగా గడిచాయని రాయాలని నాకూ ఉంది. కనుబొమ తిరిగి వచ్చిన మాట నిజం. మిగతాది అంత తేలిక కాదు. రెండోసారికి మా చెల్లెలిలో మొదటిసారి ఉత్సాహం లేదు, భయం ఉంది. పిల్ల చెయ్యి ముఖం దగ్గరికి పోతే చాలు, చదువు ఆపేసేది. అత్తగారి తరఫు వాళ్ళు పిల్లకు ఏదో లోపముందని, అందుకే దాచిపెట్టుకున్నారని అనుకున్నారు. వీధిలో పిల్లలు సాయంత్రం ఆడుకునే ఆటల్లో కూడా బడి కబుర్లే ఉంటాయి కాబట్టి వీళ్ళిద్దరూ మెల్లగా బయటికి పోవడం తగ్గించారు. చిన్నోడు పొద్దున్నే కిటికీ ఊచలు పట్టుకుని బడి బస్సు పోయేదాకా నిలబడేవాడట. కరోనా వచ్చి అందరి పిల్లలూ ఇళ్ళలో కూర్చున్న రెండేళ్ళూ వాళ్ళింట్లో మంచి రోజులని చెల్లెలు ఒకసారి అంది. ఊరు ఊరంతా చస్తామేమోనని వణుకుతుంటే, మీ పిల్లలు బడికెందుకు పోరని అడిగేవాళ్ళు లేక అది ఊపిరి పీల్చుకుంది. బడులు మళ్ళీ తెరిచిన రోజున చిన్నోడు, నేను పోతానమ్మా అన్నాడు. పంపించింది. వాడు బాగానే చదువుతున్నాడు, స్నేహితులున్నారు. అక్కతో మాత్రం ఎక్కువ మాట్లాడడు.

పెద్దదానికి ఇప్పుడు పదహారు. మొన్న వేసవిలో ప్రైవేటుగా పదో తరగతి పరీక్ష రాసి పాసయింది. మొక్కల బొమ్మలు అద్భుతంగా వేస్తుంది. ఆకు వెనక ఈనెలు కూడా ఒక్కొక్కటే గీస్తుంది. తల్లితో గంటలు గంటలు మాట్లాడుతుందని, మళ్ళీ ప్రశ్నలు వేస్తుందని మా మరిది చెప్పాడు. నేను వినలేదు. నేను గదిలోకి రాగానే ఆ మాటలు ఆగిపోతాయి. నా మీద కోపం ఉందని కాదు. మంచినీళ్ళు తెస్తుంది, కుర్చీ జరుపుతుంది, నా మోకాళ్ళకు నూనె కూడా రాస్తుంది. పోయిన చలికాలంలో ఒకసారి బొమ్మ వేసుకుంటుంటే, అదేం మొక్క తల్లీ అని అడిగాను. అది పెన్సిలు కింద పెట్టి, లేచి నిలబడి, చేతులు కట్టుకుని జవాబు చెప్పింది. కూర్చోమ్మా అన్నాను. కూర్చుంది. నేను ఇంకేమైనా అడుగుతానేమోనని చూస్తూ ఉంది.

ఆ రోజే మధ్యాహ్నం చెల్లెలూ నేనూ వరండాలో కూర్చుని పితికిపప్పు కూరకు నానిన అనపగింజల పొట్టు వలుస్తున్నాం. పిల్ల లోపల ఉంది. ఎనిమిదేళ్ళుగా నోటి దాకా వచ్చి ఆగిపోయిన మాటను నేను అప్పుడు అన్నాను. ఆ పరీక్ష పెట్టి ఉండకూడదని, నేను చెప్పింది తప్పని, పిల్లకు నేనే ఆ ఏడాది చేటు చేశానని. చెల్లెలు గింజలు వలవడం ఆపలేదు. "నువ్వు సెప్పింది తప్పని నాకు ఆ పొద్దే తెలుసక్కా" అంది. "తెలిసీ పంపించినాను. నిన్ను కాదనడం నాకు రాదు. నువ్వు అన్నీ నేర్పించినావు, అదొక్కటి నేర్పించలేదు." నా చేతిలో గింజ జారి గచ్చు మీద పడింది. చెల్లెలు దాన్ని తీసి గిన్నెలో వేసి, ఎండ వరండాలోకి వస్తోంది, ఇటు జరుగు అంది.

ఆ తర్వాత నేను చాలాసార్లు ఆలోచించాను, అంత అనుభవం ఉన్నదాన్ని ఎట్లా పొరపడ్డానా అని. బడిలో నాకు ఏటేటా రెండో తరగతి కొత్తగా వచ్చేది. అవే బెంచీలు, ఏడేళ్ళ వయసు పిల్లలు, ఒక ఏడాది చెడిపోతే పై ఏడాది సరిదిద్దుకోవచ్చు. ముప్పై ఏళ్ళు అట్లా గడిపినదాన్ని కాబట్టి పిల్లల ఏడో ఏడు ఎప్పటికీ వస్తూనే ఉంటుందనుకున్నాను. అది నాకు ముప్పై సార్లు వచ్చింది. ఆ పిల్లకు ఒక్కసారే వచ్చింది.